మారాం కాదు, నొప్పి
మా బాబుకి డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ, అంటే కండరాలు రానురాను బలహీనపడిపోయే జబ్బు. ఇన్నాళ్లూ మా టెన్షన్ అంతా వాడి కాళ్ల గురించే. నాలుగు ముద్దలకే "కడుపు నిండిపోయిందమ్మా" అని కంచం నెట్టేస్తే, మారాం అనుకుని కసిరాను. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

పొట్ట రాయిలా గట్టిపడ్డాక డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ కాళ్లూ చేతుల్లోనే కాదు, జీర్ణాశయం, పేగులు, మూత్రాశయం గోడల్లోని నునుపు కండరాల్లోనూ ఉండాలట. అది లేకపోతే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది. అస్తమానం కూర్చునే ఉండటంతో మలబద్ధకం ఇంకా ముదురుతుంది.

ఇప్పుడు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెడుతున్నాను. రాసిచ్చిన మందు రోజూ వేస్తున్నాను. ఇలాంటి పిల్లలకు కడుపు ఉబ్బి వాంతులు ఆగకపోతే మాత్రం రేపు చూద్దాంలే అనుకోకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నిన్న రాత్రి "ఇవాళ నొప్పి లేదమ్మా" అంటూ నా చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకున్నాడు. అలాగే నిద్రపోయాడు.