సారీ డే నాడు పరామర్శకు వెళ్ళాం

మే నెలాఖరుకు సిడ్నీలో చలి మొదలవుతుంది. మా అమ్మాయి నాలుగో తరగతి చదువుతున్న ఏడాది, అలాంటి ఒక సాయంత్రం బడి నుంచి ఊదారంగు కాగితంతో చేసిన ఐదు రేకుల పువ్వు తెచ్చి, మరునాడు దానిని నా కోటుకు గుచ్చుకుని తనతో రావాలని పట్టుబట్టింది. చూడగానే మందారంలా ఉందనుకున్నాను. నిజంగా అది మందార జాతి పువ్వే. ఆస్ట్రేలియా అంతటా ఎండను, నీటి ఎద్దడిని తట్టుకుని పెరిగే ఆ స్థానిక మందారాన్ని, దేశానికి వాయవ్యాన ఉన్న కింబర్లీ ప్రాంతానికి చెందిన బాధితుల సంఘం తమవారి ఓర్పుకు గుర్తుగా ఎంచుకుంది. మే 26న, అంటే ఒకప్పుడు ప్రభుత్వం తల్లుల నుంచి వేరుచేసిన ఆస్ట్రేలియా మూలవాసుల పిల్లలను తలచుకునే నేషనల్ సారీ డే నాడు, ఈ దేశంలో వేలమంది దానిని ధరిస్తారు.

అప్పటికి నేను ఈ దేశానికి వచ్చి ఏడేళ్ళు దాటింది. పౌరసత్వ ప్రమాణం కూడా చేశాను. అయినా ఆ రోజున జరిగే సభకు ఒక్కసారైనా వెళ్ళలేదు. "తెల్లవాళ్ళ తాతలు చేసిన తప్పుకు మనం క్షమాపణ చెప్పడమేమిటి, మనం నిన్న గాక మొన్న వచ్చినవాళ్ళం కదా" అని మా తెలుగువాళ్ళ భోజనాల దగ్గర తరచుగా వినిపించే మాటే నా మనసులోనూ ఉండేది. ఆ మాట ఎక్కడ తప్పుతుందో నాకు అర్థమైన తీరును ఇక్కడ రాసుకోవాలనుకుంటున్నాను.

జరిగింది ఇది. సుమారు 1910 నుంచి 1970 వరకు ఆస్ట్రేలియా ప్రభుత్వాలు, చర్చిలు కలిసి మూలవాసుల పిల్లలను తల్లుల ఒడి నుంచి తీసుకుపోయి ఆశ్రమాల్లోనూ, తెల్లవారి ఇళ్ళలోనూ పెట్టాయి. ముఖ్యంగా మిశ్రమ సంతానాన్ని తెల్లవారిలో కలిపేస్తే కొన్ని తరాలకు మూలవాసుల జాడే ఉండదన్నది ఆ విధానం వెనుక ఉన్న ఆలోచన. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1915లో చట్టాన్ని సవరించి, పిల్లవాడిని తల్లిదండ్రులు సరిగా చూడడం లేదని కోర్టులో రుజువు చేయవలసిన అవసరం కూడా లేకుండా చేశారు. ఆడపిల్లలను కూటముండ్రాలోని ఆశ్రమంలో ఉంచి ఇంటిపనులు నేర్పి, వయసు రాగానే పనిమనుషులుగా పంపేవారు. కెంప్సీ దగ్గర ఉన్న కించెలా బాలుర ఆశ్రమంలో పిల్లలను పేర్లతో కాక అంకెలతో పిలిచేవారు. పేరు చెప్పగానే ఇంటిపేరు, ఊరు అడిగే సంప్రదాయంలో పుట్టిన మనం, ఒక పసివాడికి ఆ మూడూ లేకుండా పోవడమంటే ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించాలి. మీ అమ్మ చనిపోయిందని కొందరికి చెప్పారు, మీ అమ్మే నిన్ను వద్దనుకుందని మరికొందరికి చెప్పారు. ఎందరు పిల్లలన్న కచ్చితమైన లెక్క లేదు. ఆ కాలంలో పుట్టిన మూలవాసుల బిడ్డల్లో పదిమందికి ఒకరి నుంచి ముగ్గురికి ఒకరి వరకు ఇలా దూరమయ్యారని తరువాత జరిగిన విచారణ అంచనా వేసింది.

ఆ విచారణ 1995లో మొదలైంది. ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన సర్ రొనాల్డ్ విల్సన్, మూలవాసుల నాయకుడు మిక్ డాడ్సన్ దేశమంతా తిరిగి వందలమంది చెప్పింది విన్నారు. పెర్త్‌లో అటువంటి పిల్లల ఆశ్రమాన్ని నడిపిన చర్చిలో విల్సన్ స్వయంగా పెద్దగా ఉన్న మనిషి. తాను మంచిపని అనుకున్నది ఆ పిల్లలకు ఎలా పరిణమించిందో వాళ్ళ నోటనే వినవలసి వచ్చింది. 'బ్రింగింగ్ దెమ్ హోమ్' అనే ఆ నివేదిక 1997 మే 26న పార్లమెంటు ముందుకు వచ్చింది. సరిగ్గా ఏడాదికి, 1998లో, మొదటి సారీ డే జరిగింది. ఊరూరా సారీ బుక్స్ పేరుతో పుస్తకాలు పెడితే సామాన్యులు వరసకట్టి తమకు తోచిన మాటలు రాసి సంతకాలు చేశారు. 2000 మే 28న సిడ్నీ హార్బర్ బ్రిడ్జి మీద సుమారు రెండున్నర లక్షలమంది గంటల తరబడి నడిచారు. ఒక విమానం ఆకాశంలో పొగతో 'సారీ' అని రాసింది.

ప్రజలు చెప్పిన ఆ మాట కేంద్ర ప్రభుత్వం నోట రావడానికి మాత్రం పదేళ్ళు పట్టింది. గతంలో జరిగినదానికి ఈ తరం బాధ్యత వహించనక్కరలేదన్నది అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ వాదన. 1999లో ఆయన పార్లమెంటులో విచారం వ్యక్తం చేస్తూ తీర్మానం పెట్టారు గాని, అందులో క్షమాపణ అన్న మాట లేకుండా చూసుకున్నారు. చివరకు 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ సభలో నిలబడి ఆ మాట చెప్పారు. ఆ రోజు మూలవాసులు పార్లమెంటుకు గాజుతో చేసిన కూలమన్ ఒకటి బహూకరించారు. కూలమన్ అంటే కొయ్యను తొలిచి చేసే లోతు తక్కువైన పళ్ళెం వంటిది. దానిలో దుంపలు, నీళ్ళు మోసుకొస్తారు, చంటిబిడ్డను కూడా పడుకోబెడతారు. మన పల్లెల్లో పురిటి బిడ్డను చేటలో పడుకోబెట్టే ఆచారం తెలిసినవారికి ఆ కానుక ఏమి చెబుతోందో విడమరచి చెప్పనక్కరలేదు. బిడ్డలను పోగొట్టుకున్న జనం, వారిని తీసుకుపోయిన ప్రభుత్వానికి, బిడ్డను పెట్టుకునే పాత్రనే ఇచ్చారు.

ఇక ఆ ఉదయం మా పేట గ్రంథాలయం వెనుక పచ్చికలో జరిగిన సభ సంగతి. వచ్చినవారు అరవైమంది ఉంటారేమో. ముందుగా ఒక పెద్దాయన యూకలిప్టస్ ఆకులు రాజేసి పొగ వేశారు. పచ్చి ఆకుల ఆ ఘాటు పొగలోంచి అందరం ఒక్కొక్కరుగా నడిచి వెళ్ళి కూర్చున్నాం. తరువాత ఎనభయ్యేళ్ళకు దగ్గరగా ఉన్న ఒక ముసలమ్మ మాట్లాడారు. ఆమెను నాలుగో ఏట తీసుకుపోయారు. నీ తల్లే నిన్ను వదిలేసిందని ఆశ్రమంలో చెబితే నలభయ్యేళ్ళ వయసు దాకా అదే నమ్మి, కనిపించని తల్లి మీద కోపంతోనే బతికారు. తరువాత ఎవరి సాయంతోనో పాత ఫైలు తెప్పించుకుని చూస్తే, అందులో తల్లి రాసిన ఉత్తరం దొరికింది. క్రిస్మస్‌కు బిడ్డను నాలుగు రోజులు ఇంటికి పంపమని ఆ తల్లి అధికారిని వేడుకుంది. ఉత్తరం అంచున ఎవరో, పంపనక్కరలేదని పొట్టి అక్షరాలతో రాసి సంతకం పెట్టారు. అప్పటికి తల్లి పోయి పదేళ్ళు దాటింది.

ఆ ఉత్తరం జిరాక్సు ప్రతిని ఆమె ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చారు. మడతల దగ్గర కాగితం తెల్లబడి అక్షరాలు చెరిగిపోయాయి. ఆమె చదవలేదు, మనవడు చదివాడు. చదువుతున్నంతసేపూ ఆమె చూపుడువేలు కవరు మీద ఒకేచోట ఆగి ఉంది. తరువాత టీ తాగేటప్పుడు దగ్గర నుంచి చూస్తే, ఆ వేలి కింద ఉన్నది ఒక పేరు. ఆశ్రమంలో మార్చేయక ముందు తల్లి పెట్టుకున్న పేరు, తల్లి చేతిరాతలో.

ఆమె కొడుకు కూడా లేచి మాట్లాడారు. చిన్నప్పుడు వీధిలో ప్రభుత్వం కారు ఆగితే చాలు, తల్లి తమను మంచం కింద దాచేదనీ, ఎందుకో ఏనాడూ చెప్పలేదనీ అన్నారు. తమను ఒక్కనాడూ దగ్గరికి తీసుకుని ముద్దాడని తల్లిని రాతిగుండె మనిషి అనుకుని ఇరవయ్యో ఏట ఇల్లు విడిచి వెళ్ళిపోయారట. చాలా ఏళ్ళ తరువాత ఒక సారీ డే సభలో, పరాయివాళ్ళ మధ్య నిలబడి తల్లి చెబుతుండగా, ఆయన మొదటిసారి ఆ సంగతి విన్నారు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోలేని మాట నలుగురి ముందు వచ్చింది. దేశమంతా ఒకే రోజున ఒకే విషయం తలచుకోవడం వల్ల ఏమి ఒరుగుతుందని నన్ను ఎవరైనా అడిగితే, నేను ఆ తల్లీకొడుకులను గురించే చెబుతాను.

ఇప్పుడు ఆ 'సారీ' అన్న మాట దగ్గరికి వస్తాను. మనకు అది చాలా తేలిక మాట. కాలు తగిలినా, ఫోను ఎత్తడం ఆలస్యమైనా వాడేస్తాం. మూలవాసుల ఇంగ్లీషులో మాత్రం దానికి మరొక బరువైన అర్థం ఉంది. వారు 'సారీ బిజినెస్' అన్నప్పుడు ఒకరు పోయాక బంధువులంతా కూడి దుఃఖించడం, ఆ రోజుల్లో పాటించే నియమాలు అన్నీ అందులోకి వస్తాయి. చాలాచోట్ల పోయినవారి పేరు కూడా కొంతకాలం పలకరు. అంటే వారి చెవికి ఆ మాట తప్పు ఒప్పుకోవడంగానే కాక, నీ దుఃఖంలో నేనూ కూర్చున్నానని చెప్పడంగానూ వినిపిస్తుంది. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు తట్టిన తెలుగు మాట పరామర్శ.

మంచికి పోకపోయినా చెడుకు పోవాలని మా నాయనమ్మ అనేది. చావు ఇంటికి పిలుపు ఉండదు, వెళ్ళినవారిని ఎందుకు వచ్చావని అడగరు. ఆ మరణానికి నువ్వు కారణమా కాదా అన్న ప్రశ్న అక్కడ పుట్టదు. అదే వీధిలో ఉంటున్నావు గనక వెళతావు. వెళ్ళకపోతే మాత్రం ఆ ఇంటివారు జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు. నిన్న గాక మొన్న వచ్చిన మనకు సారీ డేతో ఏమి పని అన్న మాటకు నా దగ్గరున్న జవాబు అదే. తప్పుచేసినవారు క్షమాపణ చెప్పుకోవాలి, ఆ బాధ్యత ప్రభుత్వాలది, చర్చిలది. ఆ నేల మీద ఇల్లు కట్టుకుని, ఆ బడులకే పిల్లలను పంపుకుంటున్న మనం పరామర్శకైనా వెళ్ళాలి.

ఒక రోజు సభతో గాయం మానుతుందని నేను అనడం లేదు. అసలు పని మిగతా 364 రోజుల్లో జరుగుతుంది. 1980లో మొదలైన లింక్-అప్ సంస్థ పాత ఫైళ్ళు వెతికి, బతికున్న అక్కచెల్లెళ్ళను, అన్నదమ్ములను కలుపుతుంది. తల్లి సమాధి మాత్రమే మిగిలితే, అక్కడికైనా తోడు వెళుతుంది. 2009లో ఏర్పడిన హీలింగ్ ఫౌండేషన్ ఇటువంటి కుటుంబాల కోసమే పనిచేస్తోంది. పరిహారం విషయంలో టాస్మానియా రాష్ట్రం 2006లో ముందడుగు వేసింది. న్యూ సౌత్ వేల్స్ 2017లో ఒక్కొక్కరికి 75,000 డాలర్లు ఇచ్చే పథకం తెచ్చింది. విక్టోరియా రాష్ట్రం 2022లో ఒక్కొక్కరికి లక్ష డాలర్లు ఇచ్చే పథకం తెచ్చింది. ఆ డబ్బు వచ్చేలోగా కన్నుమూసినవారు ఎందరో. నన్ను ఎక్కువగా కలతపెట్టేది మరొకటి. ప్రభుత్వ సంరక్షణ పేరుతో ఈనాడు కన్నవారి ఇళ్ళకు దూరంగా పెరుగుతున్న పిల్లల్లో 40 శాతానికి పైగా మూలవాసుల బిడ్డలే. దేశంలోని మొత్తం పిల్లల్లో వారు సుమారు ఆరు శాతమే. కారణాలు వేరని అధికారులు చెప్పవచ్చు. ఆ ముసలమ్మ మాత్రం ఆ రోజు, కారు చప్పుడు ఇంకా ఆగలేదని అన్నారు.

సభ ముగిశాక మా అమ్మాయి నా కోటుకున్న కాగితం పువ్వు తీసి ఆమెకు ఇచ్చింది. ఆమె దానిని ఆ ప్లాస్టిక్ కవరులోనే, ఉత్తరం పక్కన పెట్టుకున్నారు. చావు ఇంటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదన్న అలవాటు కొద్దీ నేను ఏమీ అనకుండా తల వంచి కదలబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపి, వచ్చే ఏడు కూడా పిల్లను తీసుకురమ్మన్నారు. తీసుకొస్తానన్నాను.