ఓపెన్ సోర్స్‌లోకి కొత్తోళ్ళు రావాలంటే ఆ మొదటి గంట సంగతి చూడాలి

ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టి, ఎవరైనా చేయి వేసేలా నడిపే సాఫ్ట్‌వేర్. అలాంటి ఏ ప్రాజెక్ట్ రీడ్‌మీ (పరిచయం రాసిన ఫైల్) తెరిచినా "కాంట్రిబ్యూటర్లకి స్వాగతం" అని, అంటే పనిలో చేయి కలిపేవాళ్ళు రండి అని ఉంటుంది. మనస్ఫూర్తిగానే రాస్తారు, కాదనను. కానీ ఆ మాట చదివి ఉత్సాహంగా లాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్లోడికి ఆ తర్వాత గంటలో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ పట్టించుకోరు, నాకు తెలిసి చాలామంది వెనక్కి వెళ్ళిపోయేది ఆ గంటలోనే.

మేం విజయవాడలో కొంతమందిమి కలిసి, పాత అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగుని యూనికోడ్‌లోకి, అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల కోడ్‌లోకి మార్చే టూల్ ఒకటి నడుపుతున్నాం. ఏలూరు రోడ్డు చుట్టుపక్కల ప్రెస్సుల్లో, డీటీపీ షాపుల్లో ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో కంపోజ్ చేసిన పుస్తకాలు పాత హార్డ్ డిస్కుల్లో అలాగే పడున్నాయి, ఆ మేటర్ కాపీ చేసి ఫోన్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనపడతాయి, వెతికితే ఒక్క తెలుగు మాట దొరకదు. అదంతా బయటికి తేవడం ఇద్దరు ముగ్గురు ప్రోగ్రామర్ల వల్ల అయ్యే పని కాదు, చాలా చేతులు పడాలి.

ఇక్కడ పిల్లలకి కొదవ లేదు. విజయవాడ నుంచి గుంటూరు దాకా ఎటు చూసినా ఇంజినీరింగ్ కాలేజీలే, అడిగితే వస్తారు కూడా. కాకపోతే వాళ్ళ దగ్గరుండేది విండోస్ లాప్‌టాప్, మామూలు ర్యామ్, ఫోన్ హాట్‌స్పాట్. వాళ్ళని పట్టుకుని ముందు డాకర్ (ప్రోగ్రాం నడవడానికి కావాల్సినవన్నీ ఒకచోట ఇచ్చే సాఫ్ట్‌వేర్) వేసుకో, తర్వాత ఫలానాది బిల్డ్ చేసుకో అంటే డౌన్‌లోడ్ అయ్యేలోపే డేటా అయిపోతుంది. అందుకే పాత మార్పుల హిస్టరీ మొత్తం లాగకుండా, డెప్త్ 1 పెట్టి తాజా కోడ్ మాత్రం దించుకునే (క్లోన్ చేసుకునే) కమాండ్‌నే మా గైడ్‌లో మొదట పెట్టాం.

ఇంకోటి చెప్తా, తెలుగు మీద పనిచేసే ప్రతి పైథాన్ (ఒక ప్రోగ్రామింగ్ భాష) ప్రాజెక్టూ చూసుకోవాల్సింది. ఫైల్ ఓపెన్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలని ఏ పద్ధతిలో దాచారో చెప్పకపోతే విండోస్‌లో పైథాన్ ఆ సిస్టమ్‌లో ఉన్న పాత కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) తీసుకుంటుంది, తెలుగు ఫైల్ చదవబోయేసరికి యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ అని ఎర్రగా చాంతాడంత వస్తుంది. లినక్స్‌లో మామూలుగా యూటీఎఫ్-8 (యూనికోడ్‌ని ఫైల్లో దాచే పద్ధతి) ఉంటుంది కాబట్టి ప్రాజెక్ట్ నడిపే మెయింటైనర్ల మెషీన్లలో అది జన్మలో కనపడదు, కొత్తగా వచ్చిన పిల్లోడేమో నాకే రావట్లేదు అనుకుని ఎవర్నీ అడక్కుండా మూసేసి వెళ్ళిపోతాడు. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8 డీఫాల్ట్ చేయాలని నిర్ణయించారు గానీ పాత వెర్షన్లు ఇంకా చాలా ఏళ్ళు ఉంటాయి, ప్రతి ఓపెన్ దగ్గరా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసేయడమే పని. టెస్టులు కూడా, కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లో వాటంతట అవే నడిచే యాక్షన్స్‌లో, లినక్స్‌తో పాటు విండోస్ మీదా నడపండి, అక్కడ ఆ సౌకర్యం ఉంది.

ఇవన్నీ ఎలా తెలుస్తాయంటే, కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని నోరు మూసుకుని చూడాలి. వాళ్ళు గైడ్ చదువుతూ చేసుకుంటా పోతుంటే ఎక్కడ ఆగారో రాసుకోవడమే, "అది కాదమ్మా, ఇది నొక్కు" అని మనకి ఎక్కడ నోరు జారబోతుందో సరిగ్గా అక్కడ గైడ్‌లో ఒక లైన్ తక్కువున్నట్టు లెక్క.

అయితే నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది వేరే ఉంది. మన పనికి అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ళకి కోడ్ రాదు. మా టూల్‌కి తలనొప్పంతా వత్తుల దగ్గర. స్త్రీ అనే మాట తీసుకోండి, యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం 6 కోడ్‌లు అదే వరసలో ఉండాలి. పాత ఫాంట్లో అలా కాదు, కంటికి కనపడే ముక్కల వరస, గుడిదీర్ఘం ఉండేది స మీద కాబట్టి అది ముందే వచ్చేస్తుంది, వత్తులు ఆ తర్వాత. ఏ వత్తు ఏ అక్షరం కింద ఏ ముక్కతో వేస్తారో చెప్పగలిగేది పాతికేళ్ళు ఆ కీబోర్డు మీద బతికిన డీటీపీ ఆపరేటరే. అలాంటి పెద్దాయన ఒకాయన మా కోడ్ చూసి, "ఇదంతా నాకెందుకు బాబూ, ఎడమ పక్క మీ గుర్తు, కుడి పక్క అక్షరం పెట్టి ఓ పట్టిక ఇవ్వండి, సాయంత్రానికల్లా నింపేస్తా" అన్నాడు.

దాంతో కోడ్‌లో ఇఫ్‌లూ ఎల్స్‌లుగా ఉన్న అక్షరాల రూల్స్ మొత్తం ఒక సీఎస్‌వీ ఫైల్లోకి, అంటే మామూలు పట్టికలోకి తీసేశాం. ఇప్పుడు తప్పు కనపడితే గిట్‌హబ్‌లో ఆ ఫైల్ తెరిచి పెన్సిల్ గుర్తు నొక్కి మార్చి పంపించేయొచ్చు, మార్పుకి కావాల్సిన విడి కాపీలు (ఫోర్కూ బ్రాంచీ) అదే చేసుకుంటుంది, మనిషి తన కంప్యూటర్లో ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. అది కూడా వద్దనేవాళ్ళు ఎక్సెల్‌లో నింపి వాట్సాప్‌లో పంపితే మాలో ఒకరు ఎక్కిస్తారు, మార్పుతో పాటు రాసే కమిట్ మెసేజ్ చివర కో-ఆథర్‌గా వాళ్ళ పేరే పెడతాం. ఆ పేరు పెట్టడంలో బద్ధకం అస్సలు పనికిరాదు, పని ఆయనది.

రివ్యూ గురించి, అంటే వచ్చిన మార్పుని చూసి బాగుందో లేదో చెప్పడం గురించి కూడా చెప్పాలి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ళు తమ దగ్గర లెక్క చూసుకుంటే, మొదటి ప్యాచ్‌కి (పంపిన మార్పుకి) 48 గంటల్లోపు రివ్యూ అందుకున్నవాళ్ళు మళ్ళీ రావడం చాలా ఎక్కువట, 7 రోజులు దాటిపోతే దాదాపు ఎవరూ రాలేదట. నేను దీన్ని పూర్తిగా నమ్ముతా. పైగా గిట్‌హబ్‌లో మొదటిసారి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండి అనే విన్నపం) పెట్టినవాళ్ళకి, సెట్టింగ్ మార్చకపోతే, మెయింటైనర్ అప్రూవ్ నొక్కేదాకా టెస్టులే మొదలవ్వవు, దుర్వినియోగం ఆపడానికి పెట్టిన రూల్ అది, అవసరమే, కానీ అవతల మనిషికి మాత్రం తను పంపింది గోడకి కొట్టిన బంతిలా ఆగిపోయినట్టుంటుంది. రివ్యూకి టైం లేకపోతే ఆ బటనన్నా నొక్కి "చూశానండి, ఆదివారం కూర్చుంటా" అని ఒక ముక్క రాయండి, తెలుగులోనే రాయండి, ఇంగ్లీషులో అడగలేక ఆగిపోయే పిల్లలు మన దగ్గర చాలామంది.

కొత్తోళ్ళు మొదలుపెట్టదగ్గ పని (ఇష్యూ) అని చెప్పే గుడ్ ఫస్ట్ ఇష్యూ లేబుల్ కూడా ఊరికే అంటించేస్తే లాభం లేదు. ఏ ఫైల్లో మార్చాలి, ఇప్పుడు ఏం వస్తోంది, ఏం రావాలి, సరిగ్గా వచ్చిందని ఏ కమాండ్‌తో చూసుకోవాలి, ఇవి నాలుగూ లేకుండా లేబుల్ పెట్టొద్దని మాలో మేం అనుకున్నాం. అది రాసే టైంలో ఆ పని మనమే చేసేయొచ్చు, నిజమే. అయినా రాయాలి, రేపు ఇంకో పది ఇష్యూలు చూసుకునే మనిషి అక్కడి నుంచే తయారవుతాడు.

ప్రస్తుతం పట్టికలో ర వత్తు, య వత్తు కలిసొచ్చే మాటల దగ్గర ఇంకా ఖాళీలున్నాయి. విజయవాడలోనో గుంటూరులోనో మీ షాపులో, మీ బాబాయి షాపులో పాత పేజ్‌మేకర్ ఫైళ్ళుంటే ఒక్క పేజీ మేటరూ, దాని ప్రింటవుట్ ఫోటో పంపండి చాలు, గిట్ అంటే ఏంటో మీకు తెలియకపోయినా పర్లేదు.