రెండు తొట్టెలు, రెండు రకాల వెలుగు: గప్పీల చూపుపై నమోదులు

ఏప్రిల్

నీటి రంగు వల్ల మారే వెలుగు గప్పీలనే చిన్న తొట్టె చేపల చూపుపై ఏం ప్రభావం చూపుతుందో తెలుసుకోవాలనుకున్నాను. అందుకు తిరుపతిలోని మా ఇంటి వరండాలో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టెలు రెండింటిని పక్కపక్కన అమర్చి, ఒకే మందకు చెందిన గప్పీలను వాటిలోకి సమానంగా పంచాను. మొదటి తొట్టెలో ఉన్నది తేటైన బోరు నీరు. రెండోదానిలో, వీధిలోని బాదం చెట్టు కింద ఏరిన ఎండుటాకులను కడిగి, మరిగించి, చల్లార్చి వడకట్టిన రసాన్ని పలచని డికాక్షన్ రంగు వచ్చేదాకా కలిపాను. మా బోరు నీటిలో కార్బొనేట్లు ఎక్కువ కాబట్టి రంగు మారినా పీహెచ్ (నీటి ఆమ్లగుణాన్ని తెలిపే కొలత) పెద్దగా తగ్గలేదు. అది ఈ పనికి మేలే చేసింది, ఎందుకంటే రెండు తొట్టెల మధ్య ముఖ్యమైన తేడాగా వెలుగు ఒక్కటే మిగిలింది. ఎల్ఈడీ దీపం, స్పాంజ్ ఫిల్టర్, మేత రెండింటికీ ఒకటే. వారానికొకసారి పావు వంతు నీరు మార్చి, రెండోదానిలో తగ్గిన రంగుకు సరిపడా రసం తిరిగి పోస్తున్నాను.

మే

ఎండల వల్ల మూతలు తీసి, చేపలు బయటికి దూకకుండా వల కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పాను. ఆవిరైన నీటిని రోజూ భర్తీ చేయడం తప్ప వేరే పని పెట్టుకోలేదు.

జూన్

అసలు పరిశీలన ఈ నెలలోనే మొదలైంది. కరేబియన్ దీవి ట్రినిడాడ్ వాగుల్లోని గప్పీలు నీటిలో పడిన నారింజ రంగు పండ్లను ఇష్టంగా తింటాయి. నారింజ వస్తువుల వైపు ఎక్కువగా మొగ్గే గుంపుల్లోని ఆడ చేపలు నారింజ మచ్చలున్న మగవాటిని కూడా ఎక్కువగా కోరుకుంటాయని 2002లో పరిశోధకులు చూపారు. మేత కోసం అలవడిన చూపు జోడీ ఎంపికను కూడా నడిపించవచ్చన్న ఈ ఆలోచన నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. అయితే బొప్పాయి ముక్క వేస్తే రెండు తొట్టెల్లోనూ వాసన పట్టి వెంటనే చేరుతున్నాయి కాబట్టి, వాసన లేని ప్లాస్టిక్ ఫైలు అట్టల నుంచి నారింజ, నీలం, ఆకుపచ్చ బిళ్లలు కత్తిరించి, దారంతో నీటిలోకి వేలాడదీశాను.

రంగు నీటి తొట్టెలో ముందు అద్దం దగ్గర నీలంగానే కనిపించిన బిళ్ల, వెనక అద్దం వైపు జరిపేసరికి దాదాపు నల్లబడింది. నారింజ బిళ్ల మాత్రం అంత దూరంలోనూ నారింజగానే ఉంది. ఆకుల నుంచి నీటిలోకి దిగిన టానిన్లనే పదార్థాలు నీలి కాంతిని పీల్చుకోవడమే ఇందుకు కారణం. తేట నీటి చేపలు నారింజ బిళ్లను ఎక్కువగా పొడిచినా నీలం దగ్గరికి కూడా వచ్చాయి; రంగు నీటి చేపలు నీలాన్ని దాదాపు పట్టించుకోలేదు.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో ఉండే సిక్లిడ్ చేపల్లో ఇదే తేడా జాతుల దాకా వెళ్లింది. అక్కడి మసక నీటిలో లోతుకు వెళ్లేకొద్దీ నీలి కాంతి పోయి ఎరుపు మిగులుతుంది. పైనుండే పుందామిలియా పుందామిలియాలో మగవి నీలం, కాస్త లోతున ఉండే పుందామిలియా న్యెరెరైలో మగవి ఎరుపు. ఒలే సీహౌసెన్ బృందం 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పొడవైన (ఎరుపు వైపు) కాంతి తరంగాలను పట్టే ఆప్సిన్ అనే కంటి ప్రోటీన్ జన్యువు ఈ రెండింటిలోనూ వేర్వేరు రూపాల్లో ఉంది; లోతు చేపల రూపం ఎరుపు వైపు జరిగింది. వెలుగుకు కన్ను, కన్నుకు జోడీ రంగు సరిపడుతూ పోవడంతో గుంపులు విడిపోయాయి. నీరు మరీ బురదగా ఉన్న దీవుల దగ్గర మాత్రం లోతుతో పాటు వెలుగు చాలా త్వరగా మారిపోవడం వల్ల అవి విడిపోలేదు. అందుకే సరస్సు కలుషితమై మసకబారడాన్ని నేను కేవలం నీటి సమస్యగా చూడలేకపోతున్నాను. అది జాతుల మధ్య గోడను కూలుస్తుంది. చూపు పనికిరాని చోట ఇతర ఇంద్రియాలు పెరుగుతాయి: మెక్సికో గుహల్లోని ఆస్టియానాక్స్ చేపల్లో కళ్లు పోయి, నీటి కదలికలను పసిగట్టే అవయవాలూ రుచి మొగ్గలూ పెరిగాయి.

జూలై

నా తొట్టెల్లో కనిపించిన తేడాను పరిణామం అనకూడదు. ఒక రంగు కనిపించకపోవడం వేరు, కన్ను మారడం వేరు. పైగా చేపలు ఏ వెలుగులో పెరిగాయన్న దాన్ని బట్టి ఒకే తరంలో కూడా ఆప్సిన్ జన్యువుల పనితీరు మారుతుందని గప్పీల్లో చూశారు. వీటిని విడదీయడానికి, ఈ నెల పుట్టిన పిల్లలను సగం సగం చేసి, ఒక్కో తొట్టె పిల్లల్లో సగాన్ని అవతలి తొట్టె నీటిలోకి మార్చి, వల తెరతో వేరుగా ఉంచాను. అవి పెరిగాక అన్నింటినీ ముందుగా తేట నీటిలోనే పరీక్షిస్తాను. బిళ్లలు అవే, సమయం కూడా ఉదయం మేత వేయకముందే.