నెల తప్పడం లెక్కకు రానప్పుడు

మన మాటల్లో 'నెల తప్పింది' అంటే కడుపుతో ఉందని. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదలకాని సమస్య) ఉన్నవాళ్లకి నెలలు ఊరికే తప్పుతుంటాయి, ఒకసారి 45 రోజులకి, ఇంకోసారి 70కి. దానికి తోడు ఒక అబార్షన్ అయ్యి, మళ్లీ ప్రయత్నిద్దాం అనుకుంటే క్యాలెండర్ అసలు పనికిరాదు. నెలసరి తేదీని పక్కనపెట్టి, అండం విడుదలైన రోజు నుంచి లెక్క మొదలుపెట్టాలి. తిప్పలన్నీ ఆ రోజును పట్టుకోవడంలోనే ఉన్నాయి.

ఎన్నాళ్లు ఆగాలి అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6 నెలలు ఆగమంది. ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అదే చెబుతారు. తర్వాతి అధ్యయనాల్లో మాత్రం, ముందే గర్భం వచ్చినవాళ్లకు అదనంగా నష్టం జరిగినట్టు కనపడలేదు. మొదటి మూడు నెలల్లో, వేరే ఇబ్బందులేమీ లేకుండా పోయిన గర్భమైతే ఒక నెలసరి చూసుకుని ప్రయత్నించవచ్చు. ముత్యాల గర్భం (పిండం సరిగా ఎదగక లోపల బుడగల్లాంటివి పెరిగేది) అయితే ఈ మాట వర్తించదు, డాక్టర్ చెప్పినన్నాళ్లూ ఆగాల్సిందే.

అబార్షన్ అయిన 3 వారాలకు ఇంట్లోనే యూరిన్ టెస్ట్ చేసి చూడండి. అప్పటికీ రెండు గీతలు వస్తుంటే లోపల ముక్కలు మిగిలి ఉండొచ్చు, స్కానింగ్‌కి వెళ్లాలి. డీ అండ్ సీ (గర్భసంచిని లోపల శుభ్రం చేయడం) తర్వాత నెలసరి మరీ కొద్దిగా అవుతున్నా, నొప్పి ఉండి రక్తం రాకపోయినా గర్భసంచి లోపల అతుకులు పడ్డాయేమో చూడమని అడగండి. తల్లి బ్లడ్ గ్రూప్ నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ (తర్వాతి బిడ్డ రక్తానికి తల్లి ఒంట్లో విరుగుడు తయారుకాకుండా వేసేది) పడిందా లేదా అన్నది పాత ఫైల్లో వెతకండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇక ఓవ్యులేషన్ కిట్లు, అంటే అండం విడుదలయ్యే రోజును మూత్రంతో పట్టుకునేవి. మందుల షాపులో కొని రోజూ చూసుకునేవాళ్లు ఇక్కడ రెండు విధాలా మోసపోతారు. కిట్ వెతికేది అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ని. గర్భం తాలూకు హెచ్‌సీజీ దానికి దగ్గరి చుట్టం లాంటిది, ఒంట్లో కాస్త మిగిలి ఉన్నా గీత ముదురుగా పడుతుంది. పైగా పీసీఓడీలో చాలామందికి ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువే. దాంతో వరసగా పది రోజులు పాజిటివ్ వచ్చి, అండం మాత్రం విడుదల కాదు. 21వ రోజు చేసే ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) టెస్ట్‌దీ అదే కథ. అది 28 రోజుల చక్రం ఉన్నవాళ్ల లెక్క. అండం 35వ రోజు విడుదలయ్యే మనిషికి 21వ రోజు రక్తం తీస్తే తక్కువ రాక ఏమవుతుంది? అండం విడుదలైందనుకున్న 7 రోజులకు చేయించాలి. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే విడుదలైనట్టే.

నమ్మదగింది ఫాలిక్యులర్ స్టడీ, అంటే అండం పెరిగే చిన్న సంచిని (ఫాలికిల్) స్కానింగ్‌లో కొలుస్తూ పోవడం. దానికి ముందు అండం పెరగడానికి డాక్టర్ పర్యవేక్షణలో లెట్రోజోల్ మాత్ర 2.5 మి.గ్రా. రోజుకొకటి, నెలసరి 2 నుంచి 5వ రోజు మధ్యలో మొదలుపెట్టి 5 రోజులు వాడతారు. పని చేయకపోతే తర్వాతి చక్రంలో 5, ఆపైన 7.5. నెలసరి దానంతట అది రాకపోతే, గర్భం లేదని తేల్చుకున్నాకే మాత్రలతో తెప్పిస్తారు. మందు డబ్బా మీద రొమ్ము క్యాన్సర్ అని చూసి హడలిపోయేవాళ్లున్నారు. మన దేశంలో 2011లో పిల్లల కోసం లెట్రోజోల్ వాడటాన్ని నిషేధించి 2017లో ఎత్తేశారు, ఆ పాత భయం ఇంకా పోలేదు. 2014లో అచ్చయిన, 750 మంది స్త్రీలతో చేసిన అమెరికా అధ్యయనంలో లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి, ఇదే పనికి వాడే మరో మందు క్లోమిఫీన్ వాడినవాళ్లలో 19.1 శాతం మందికి బిడ్డ పుట్టింది.

స్కానింగ్ నెలసరి మొదలైన 9, 10 రోజుల దగ్గర మొదలవుతుంది. ఫాలికిల్ రోజుకు 1 నుంచి 2 మి.మీ. పెరిగి, 18–20కి చేరాక అండాన్ని విడుదల చేయించే ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేస్తారు. సుమారు 36 గంటలకు అండం బయటపడుతుంది. ఆ రోజూ ముందు రోజూ కలిస్తే చాలు. మూడు, అంతకన్నా ఎక్కువ ఫాలికిళ్లు పెద్దవైతే ఆ నెల వదిలేయడమే మేలు, కవలల కన్నా ఎక్కువమంది పడితే తల్లికీ ప్రమాదమే. ట్రిగ్గర్‌లోనూ హెచ్‌సీజీ ఉంటుంది కాబట్టి 14 రోజుల లోపు ఇంట్లో టెస్ట్ చేసి సంబరపడొద్దు.

ఇదంతా మొదలుపెట్టక ముందే చేయించాల్సినవి: 75 గ్రాముల గ్లూకోజ్ తాగి షుగర్ టెస్ట్ (పరగడుపు షుగర్ ఒక్కటే చూస్తే పీసీఓడీలో దాగి ఉన్నది బయటపడదు), థైరాయిడ్, భర్తకి వీర్య పరీక్ష. ఈ చివరిది ఆర్నెల్లు మందులు మింగాక గానీ ఎవరూ చేయించరు, అదేం చోద్యమో. 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే సరిపోతుంది. ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే, మామూలుగా 400 మైక్రోగ్రాములు. షుగర్ ఉంటే, ఫిట్స్ మందులు వాడుతుంటే 5 మి.గ్రా. అవసరం పడుతుంది. మెట్‌ఫార్మిన్ (షుగర్‌కి వాడే మాత్ర) రాస్తే 500 మి.గ్రా.తో, భోజనంతో పాటు మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి, లేకపోతే విరేచనాలతో మానేస్తారు. బరువు ఎక్కువుంటే 5 శాతం తగ్గినా అండం విడుదల దారిలో పడొచ్చు.

ఒక్కసారి పోయిందని రక్తం గడ్డకట్టే పరీక్షలన్నీ చేయించక్కర్లేదు. తొలివారాల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. రెండోసారీ పోతే అప్పుడు అడగండి.

గర్భం నిలిచాక కూడా తేదీ గొడవ వదలదు. చివరి నెలసరి నుంచి 7 వారాలు అని స్కానింగ్‌కి వెళ్తే 5 వారాల సంచి కనపడి, గుండె కొట్టుకోవడం లేదంటారు. ఒకసారి పోగొట్టుకున్న మనిషికి అక్కడే కాళ్లు చల్లబడతాయి. అండం రెండు వారాలు ఆలస్యంగా విడుదలైతే అది సరైన ఎదుగుదలే. పిండం 7 మి.మీ. దాటినా గుండె కదలిక లేకపోతేనో, సంచి 25 మి.మీ. ఉండి అందులో పిండం లేకపోతేనో తప్ప ఒక్క స్కాన్‌తో పోయిందని తేల్చరు. అంతకన్నా చిన్నదైతే 7 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ చూడాలి, అప్పటిదాకా గర్భం తీసే మాత్రలకూ డీ అండ్ సీకీ ఒప్పుకోవద్దు. రక్తం ఎక్కువగా పోతున్నా, ఒకవైపు విపరీతమైన నొప్పి ఉన్నా మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. స్కానింగ్ గదిలో చివరి నెలసరి ఎప్పుడని అడిగితే, ఆ తేదీతో పాటు ట్రిగ్గర్ వేయించుకున్న తేదీ కూడా చెప్పండి. అండం విడుదలైన రోజు నుంచి ఇప్పటిదాకా గడిచిన రోజులకు 14 కలిపితే వచ్చేదే మీ గర్భం వయసు.