పదవి లేని పెద్దమనిషి: వరల్డ్‌వైడ్ వెస్, ఇంకా అలాంటి కొందరు

2004 నవంబర్ 19న డెట్రాయిట్ పక్కన ఆబర్న్ హిల్స్‌లో పేసర్స్, పిస్టన్స్ అనే ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) టీముల మ్యాచ్ చివర్లో జరిగిన కొట్లాట వీడియో బాస్కెట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్ళు చూడకుండా ఉండరు. పేసర్స్ ఆటగాడు రాన్ ఆర్టెస్ట్ స్కోరర్స్ టేబుల్ మీద వెల్లకిలా పడుకోవడం, ఎవడో పైనుంచి కప్పు విసరడం, ఇతను లేచి జనంలోకి దూకేయడం. ఈసారి చూసినప్పుడు ఆటగాళ్ళని వదిలేసి చుట్టూ ఉన్న మనుషుల్ని చూడండి. ఆ తోపులాట మధ్యలో ఒకాయన ఉంటాడు. కోచ్ కాదు, రిఫరీ కాదు, సెక్యూరిటీ కాదు, ఆ రెండు టీముల్లో ఎవరూ ఆయనకి జీతం ఇవ్వట్లేదు. అయినా అక్కడున్నాడు, ఎవరూ నువ్వెవరు అని అడగట్లేదు. ఆయన పేరు విలియం వెస్లీ. అందరూ వరల్డ్‌వైడ్ వెస్ అంటారు, కుర్ర ఆటగాళ్ళకయితే అంకుల్ వెస్.

ఎన్‌బీఏ గురించి తెలుగులో రాసేవాళ్ళం తక్కువే, రాసినా స్కోర్లూ ట్రేడ్లూ దగ్గరే ఆగిపోతాం. తెర వెనక చక్రం తిప్పేవాళ్ళ గురించి రాయాలని నాకు ఎప్పట్నుంచో ఉంది, ఎందుకంటే ఏ ఆటగాడు ఏ కాలేజీకి వెళ్ళాడు, ఏ షూ వేసుకున్నాడు, ఏ టీములో తేలాడు అనే మూడు ప్రశ్నలకీ చాలాసార్లు జవాబు ఒకే మనిషి దగ్గర ఉంటుంది, ఆ మనిషి పేరు ఏ స్కోర్‌బోర్డు మీదా పడదు.

వెస్ కథ న్యూజెర్సీలో క్యామ్డెన్ అనే ఊరి చుట్టూ మొదలవుతుంది. ఫిలడెల్ఫియాకి నది అవతల ఒడ్డున ఉంటుంది, బాగా పేద ఊరు, కానీ క్యామ్డెన్ హైస్కూల్ బాస్కెట్‌బాల్ అంటే ఆ చుట్టుపక్కల ప్రాణం పెట్టేస్తారు. వెస్లీ ఆ దగ్గర్లోనే ఒక షూ షాపులో పనిచేసేవాడు. మిల్ట్ వ్యాగ్నర్, బిల్లీ థాంప్సన్ అని క్యామ్డెన్ స్టార్లు ఇద్దరు ఆ షాపుకి వచ్చేవాళ్ళు, పరిచయం స్నేహమయింది. ఆ ఇద్దరూ లూయివిల్ యూనివర్సిటీకి వెళ్ళి 1986లో నేషనల్ ఛాంపియన్‌షిప్ కొట్టారు, తర్వాత లాస్ ఏంజెలెస్ ఎన్‌బీఏ టీము లేకర్స్‌కి ఆడారు. వాళ్ళు ఎక్కడికి వెళ్తే అక్కడ కొత్త మనుషులు పరిచయం, ఆ మనుషుల ద్వారా ఇంకొందరు. వెస్ దగ్గర ఉన్న పెట్టుబడి అంతా అదే. ఫోన్ నంబర్లు, గుర్తుపెట్టుకోవడం, అవసరమైనప్పుడు అక్కడ ఉండటం. పెళ్ళిళ్ళ పేరయ్యకి ప్రతి ఇంటి లోగుట్టూ తెలిసినట్టు ఈయనకి లీగ్‌లో ప్రతి ఇంటి సంగతీ తెలుసు.

మిల్ట్ కొడుకు డవాన్ వ్యాగ్నర్ తండ్రిని మించిపోయాడు. 2001 జనవరిలో హైస్కూల్ మ్యాచ్‌లో ఒక్కడే 100 పాయింట్లు కొట్టాడు. దేశంలో ప్రతి కాలేజీ కోచ్ కన్నూ అతని మీదే. అతను ఎంచుకుంది మెంఫిస్ యూనివర్సిటీ, అక్కడి కోచ్ జాన్ కాలిపరి. కుర్రాడు రావడం, తండ్రి మిల్ట్‌కి కోచింగ్ స్టాఫ్‌లో ఉద్యోగం రావడం, క్యామ్డెన్ టీములో అతని స్నేహితుడికి స్కాలర్‌షిప్ దొరకడం, అన్నీ కలిసే జరిగాయి. ఇందులో రూల్ తప్పింది అని నేను అనట్లేదు, అప్పటి రూల్స్‌లో దానికి దారి ఉంది. ఒక్క సంవత్సరం ఆడాక డవాన్ ఇంకో ఏడాది కాలేజీలో ఉందాం అనుకుంటుంటే కాలిపరి స్కాలర్‌షిప్ వెనక్కి తీసుకుని మరీ ప్రొఫెషనల్‌గా వెళ్ళమని పంపించాడు, ఎన్‌బీఏ టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2002లో 6వ స్థానంలో క్లీవ్‌లాండ్ తీసుకుంది. తర్వాత పేగుల జబ్బు పట్టుకుంది, 2005లో పెద్దపేగు తీసేయాల్సి వచ్చింది, మొత్తం కెరీర్ 103 మ్యాచ్‌ల్లో అయిపోయింది. ఆ ఒక్క సంవత్సరం ముందు వెళ్ళబట్టే ఆ ఇంటికి డ్రాఫ్ట్ డబ్బులు వచ్చాయి, ఇంకో ఏడాది ఆగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. కాబట్టి ఈ మనుషుల్ని అందర్నీ కట్టగట్టి రాబందులు అని తిట్టేవాళ్ళతో నేను ఒప్పుకోను.

కాలిపరి దగ్గర ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. 1996లో ఈయన న్యూజెర్సీ నెట్స్ కోచ్, డ్రాఫ్ట్‌లో 8వ పిక్, అంటే ఎనిమిదో వంతు, చేతిలో ఉంది, హైస్కూల్ నుంచి నేరుగా వస్తున్న 17 ఏళ్ళ కోబీ బ్రయంట్‌ని తీసుకోవాలని గట్టిగా అనుకున్నాడు. కానీ కోబీ అప్పటికే అడిడాస్‌తో ఒప్పందం చేసుకున్నాడు, ఏజెంట్ ఆర్న్ టెలెమ్, అడిడాస్ తరఫున సానీ వక్కారో, ఈ వైపు వాళ్ళందరి చూపూ లాస్ ఏంజెలెస్ మీద ఉంది. కోబీ మీకు ఆడడు అని నెట్స్ వాళ్ళకి కబురు వచ్చింది, వాళ్ళు జంకి కెర్రీ కిట్టిల్స్‌ని తీసుకున్నారు. కోబీని 13వ పిక్‌లో షార్లెట్ తీసుకుని వ్లాదే దివాచ్ కోసం లేకర్స్‌కి ఇచ్చేసింది. ఒక ఫ్రాంచైజీ ఇరవై ఏళ్ళ చరిత్ర కొన్ని ఫోన్ కాల్స్‌లో అటు తిరిగిపోయింది. ఆ దెబ్బ తిన్నాకే కాలిపరికి అసలు తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో అర్థమైందని నా నమ్మకం, ఐదేళ్ళకి మెంఫిస్‌లో డవాన్‌ని తెచ్చుకునేటప్పటికి ఆయన వేరే మనిషి.

సానీ వక్కారో పేరు వచ్చింది కాబట్టి ఆయన గురించి కూడా చెప్పాలి, ఈ వ్యాపారం మొత్తానికి ఆద్యుడు అనదగ్గ మనిషి. పిట్స్‌బర్గ్ ప్రాంతం ఆయనది, 1965లో హైస్కూల్ ఆటగాళ్ళకి ఒక ఆల్‌స్టార్ మ్యాచ్ మొదలుపెట్టాడు, దాంతో దేశంలో మంచి కుర్రాళ్ళందరూ, వాళ్ళ కోసం తిరిగే కోచ్‌లందరూ ఆయన చుట్టూ చేరారు. 1977లో నైకీలో చేరి కాలేజీ కోచ్‌లకి డబ్బులిచ్చి వాళ్ళ టీములకి నైకీ బూట్లు తొడిగించాడు. ఆటగాడికి పైసా ఇవ్వకూడదు అనేది కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ అప్పటి రూల్, కానీ ఆటగాడి కాళ్ళకి బూటు తొడిగించినందుకు కోచ్‌కి ఇవ్వచ్చు! 1984లో మైకేల్ జోర్డన్ మీద పందెం కాయమని నైకీని ఒప్పించినవాళ్ళలో ఈయన ఒకడు. అదే వక్కారో ముసలితనంలో ఎన్‌సీఏఏ మీదే తిరగబడి కాలేజీ ఆటగాళ్ళ పేరూ బొమ్మా వాడుకుని వాళ్ళకి డబ్బు ఇవ్వట్లేదని మాజీ ఆటగాడు ఎడ్ ఓబానన్ వేసిన కేసు వెనక నిలబడ్డాడు, 2009లో వేసిన కేసు, 2014లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆటగాళ్ళ వైపు తీర్పు ఇచ్చింది. ఆ మనిషిని మంచివాడు చెడ్డవాడు అని ఒక్క ముక్కలో తేల్చడం నా వల్ల కాదు.

కానీ అసలు ఇలాంటి మనుషులు ఎందుకు పుట్టుకొచ్చారు అనేదానికి జవాబు మాత్రం నాకు స్పష్టంగా కనిపిస్తుంది. కోట్ల డాలర్ల విలువ చేసే పదహారేళ్ళ కుర్రాడు ఒకడున్నాడు, అప్పటి రూల్స్ ప్రకారం వాడికి నేరుగా ఎవరూ ఏమీ ఇవ్వకూడదు, వాళ్ళమ్మ రెండు ఉద్యోగాలు చేస్తోంది. డబ్బు ఆగదు కదా, పక్కదారి వెతుక్కుంటుంది. ఆ పక్కదారిలో నిలబడ్డవాడికే అధికారం. 2017 సెప్టెంబర్‌లో ఎఫ్‌బీఐ దాడి చేసినప్పుడు బయటపడిందీ అదే, బ్రయన్ బోవెన్ అనే కుర్రాడు లూయివిల్‌కి రావడానికి వాళ్ళ నాన్నకి లక్ష డాలర్లు ఇచ్చే ఏర్పాటు. అడిడాస్ మనిషి జేమ్స్ గాటో, మధ్యలో తిరిగే క్రిస్టియన్ డాకిన్స్ లాంటివాళ్ళకి శిక్షలు పడ్డాయి. ఆ కుర్రాడు కాలేజీలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. నాకు కోపం వచ్చేది అక్కడే, పెద్దవాళ్ళ లెక్కల్లో చివరికి నష్టపోయింది ఆ పిల్లాడు.

సరే, మళ్ళీ వెస్ దగ్గరికి వస్తా. చెర్రీ హిల్ అని క్యామ్డెన్ పక్కనే ఉండే ఊరు, అక్కడి లాయర్ లియాన్ రోజ్. వెస్‌కి పాత స్నేహితుడు. 2005లో లెబ్రాన్ జేమ్స్ ఏజెంట్‌ని మార్చి రోజ్ దగ్గరికి వచ్చాడు, 2007లో రోజ్ సీఏఏ అనే పెద్ద ఏజెన్సీలో చేరాడు, తర్వాత వెస్ కూడా అక్కడికే. 2010లో లెబ్రాన్, వేడ్, బాష్ అనే ముగ్గురు స్టార్లు మయామీ టీములో కలిసినప్పుడు ముగ్గురూ సీఏఏ వాళ్ళే. 2020 మార్చిలో రోజ్ నేరుగా న్యూయార్క్ నిక్స్‌కి ప్రెసిడెంట్ అయిపోయాడు, జూన్‌లో వెస్ కూడా అక్కడే ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్. అన్నాళ్ళూ పదవి లేకుండా తిరిగిన మనిషికి నిక్స్ సొంత స్టేడియం మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదవి.

నిక్స్ మ్యాచ్‌లు మన టైంలో పొద్దున ఆరింటికి వస్తాయి, కాఫీ తాగుతూ చూసే టీము నాది అదే, కాబట్టి ఈ భాగం నాకు దగ్గరది. నిక్స్ స్టార్ జేలన్ బ్రన్సన్ వాళ్ళ నాన్న రిక్ బ్రన్సన్ లియాన్ రోజ్‌కి ఏజెంట్‌గా తొలి రోజుల క్లయింట్. 2022 జూన్‌లో రిక్‌ని అసిస్టెంట్ కోచ్‌గా తీసుకున్నారు, జూలైలో జేలన్ 4 ఏళ్ళకి 10.4 కోట్ల డాలర్లకి డల్లాస్ వదిలి వచ్చేశాడు. మెంఫిస్‌లో 2001లో జరిగినదానికీ దీనికీ ఎంత పోలిక ఉందో చూడండి, ముందు తండ్రికి ఉద్యోగం, వెనకే కొడుకు. లీగ్ విచారణ చేసి, ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాళ్ళతో టీములు మాట్లాడుకునే సమయం, తెరవకముందే మాట్లాడారని 2025 డ్రాఫ్ట్‌లో సెకండ్ రౌండ్ పిక్ పీకేసింది. బ్రన్సన్ లాంటివాడికి సెకండ్ రౌండ్ పిక్ ఏ మూలకి! ఏ టీమైనా ఆ జరిమానా నవ్వుతూ కట్టేస్తుంది.

2024 జూలైలో అదే బ్రన్సన్ 15.65 కోట్ల డాలర్లకి కాంట్రాక్ట్ పొడిగింపు రాశాడు, ఇంకో ఏడాది ఆగితే దగ్గర దగ్గర 11.3 కోట్ల డాలర్లు ఎక్కువ వచ్చేవి. టీము బాగు కోసం వదులుకున్నాడు, ఇష్టపూర్వకంగానే చేశాడు, అభిమానిగా నేను ఎగిరి గంతేశాను, 2025లో 25 ఏళ్ళ తర్వాత లీగ్ ఫైనల్‌కి ఒక్క మెట్టు ముందుండే ఈస్ట్ ఫైనల్స్‌కి కూడా వెళ్ళాం. అయినా ఒక్కసారి ఆ గదిలో ఎవరెవరున్నారో చూడండి. టీము వైపు లియాన్ రోజ్. ఆటగాడి ఏజెంట్లలో ఒకరు లియాన్ రోజ్ కొడుకు. ఆటగాడి తండ్రి టీము ఉద్యోగి. వీళ్ళందరూ ఒకళ్ళనొకళ్ళు నిజంగా ప్రేమించే మనుషులే కావచ్చు, కానీ ఆ గదిలో జేలన్ బ్రన్సన్ వైపు మాత్రమే కూర్చున్న మనిషి ఎవరు? నా అభ్యంతరం అంతా దీని మీదే. బ్రన్సన్ తెలివైనవాడు, బాగా సంపాదించాడు, అతనికి ఏమీ కాదు. అదే గదిలో పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఉంటే?

అందుకే రిచ్ పాల్ అంటే నాకు గౌరవం. క్లీవ్‌లాండ్ కుర్రాడు, పాత జెర్సీలు అమ్ముకునేవాడు, 2002లో ఎయిర్‌పోర్టులో లెబ్రాన్ అతని ఒంటి మీది జెర్సీ చూసి పలకరించడంతో మొదలైంది. సీఏఏలో రోజ్ దగ్గర పని నేర్చుకుని 2012లో క్లచ్ అని సొంత కంపెనీ పెట్టి, లైసెన్స్ ఉన్న ఏజెంట్‌గా ముందుకొచ్చి నిలబడ్డాడు. నువ్వు ఎవరి తరఫున అని అడిగితే అతని దగ్గర కాగితం ఉంది. 2019లో ఎన్‌సీఏఏ ఏజెంట్లకి డిగ్రీ ఉండాలి అని ఒక రూల్ తెచ్చి, అది రిచ్ పాల్ కోసమే పెట్టారని గొడవ అవడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఆంథొనీ డేవిస్‌ని లేకర్స్‌కి చేర్చడానికి అతను చేసిన ఒత్తిడి న్యూ ఆర్లీన్స్ అభిమానులకి మండిపోయేలా చేసింది, అది నేను అర్థం చేసుకోగలను, కానీ తన క్లయింట్ అడిగిన పని బాహాటంగా చేశాడు.

ఇప్పుడు తెర వెనక వాళ్ళే తెర ముందుకి వచ్చేశారు. లేకర్స్ జనరల్ మేనేజర్ రాబ్ పెలింకా ఒకప్పుడు కోబీ ఏజెంట్. డల్లాస్ జనరల్ మేనేజర్‌గా ఉన్న నికో హారిసన్ అంతకుముందు నైకీలో పెద్ద తలకాయ. ఇద్దరికీ కోబీ రోజుల నుంచి పరిచయం. 2025 ఫిబ్రవరిలో డల్లాస్ స్టార్ లూకా డాంచిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చే ట్రేడ్ ఇద్దరూ ఇంచుమించు మూడో కంటికి తెలియకుండా కుదుర్చుకున్నారు, లూకాకే నమ్మశక్యం కాలేదు. ఆ నవంబర్‌లో డల్లాస్ హారిసన్‌ని తీసేసింది.

వ్యాగ్నర్ల ఇంట్లో మూడో తరం కూడా వచ్చింది. డవాన్ కొడుకు డీజే, క్యామ్డెన్ హైస్కూలే. 2022లో కాలేజీ ఎంచుకునే టైంకి తాత మిల్ట్ లూయివిల్‌లో ఉద్యోగంలో ఉన్నాడు, కెంటకీలో వాళ్ళ నాన్నకి ఒకప్పటి కోచ్ అయిన కాలిపరి ఉన్నాడు. కాలిపరి గెలిచాడు. 2024లో కాలిపరి ఆర్కన్సాకి మారితే డీజే కూడా వెంటే మారాడు. తేడా ఏంటంటే ఇప్పుడు కాలేజీ ఆటగాడు డబ్బు తీసుకోవచ్చు, 2021 జూలై నుంచి ఎన్ఐఎల్, అంటే తన పేరూ బొమ్మా వాడుకున్నందుకు ఆటగాడు డబ్బు తీసుకునే హక్కు, వచ్చింది, 2025 జూలై నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్ళకి నేరుగా పంచచ్చు, మొదటి ఏడాది హద్దు 2.05 కోట్ల డాలర్లు. నేను ఎన్నాళ్ళుగానో కోరుకున్నది ఇదే. కానీ ఎన్‌బీఏ కాంట్రాక్ట్ అయితే ఏజెంట్‌కి ప్లేయర్స్ యూనియన్ లైసెన్స్ ఉండాలి, కమిషన్ 4 శాతం దాటకూడదు. కాలేజీ కుర్రాడి ఎన్ఐఎల్ డీల్‌కి దేశమంతటికీ వర్తించే అలాంటి హద్దు ఏదీ లేదు. మావయ్యలు, కోచ్‌లు, ట్రైనర్లు, షూ కంపెనీ స్నేహితులు అందరూ ఇప్పుడు ఏజెంట్లే. ఎన్‌సీఏఏ, ప్లేయర్స్ యూనియన్ కలిసి కూర్చుని ఆ 4 శాతం హద్దుని, ఆ లైసెన్స్‌ని పదహారేళ్ళ వయసు దాకా కిందికి దించాలి, ఎవరు ఎవరి దగ్గర డబ్బు తీసుకుంటున్నారో రాసిన కాగితం వాళ్ళమ్మ చేతికి అందాలి.