ఆరున్నర బస్సు

"నాయనా, అన్నం ఇప్పుడు వండనా, ఇంకాసేపు ఆగి వండనా?"

చాలా ఏళ్లపాటు సాయంత్రం ఏడు దాటితే మా టైమ్ ఆఫీసు ఫోనులో ఈ ప్రశ్న వినేవాణ్ణి. అడిగేది విడవలూరు వైపు ఊళ్లో ఉండే ఒక పెద్దామె. ఆమె కోడలు మా రొయ్యల కంపెనీలో తొక్క తీసే హాల్లో పని చేస్తుంది. హాల్లోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. గాజులు, ముక్కుపుడక, వాచీ కూడా బయటే పెట్టి వెళ్లాలి. కోడలితో మాట్లాడే వీలు లేక ఆమె నాకు చేసేది. గేటు పుస్తకం నా దగ్గరే ఉంటుంది కనుక బస్సు ఎప్పుడు కదులుతుందో నాకు తెలిసే ఉంటుందని ఆమె నమ్మకం. నాకూ తెలిసేది కాదు. "లోపల ఇంకా సరుకు ఉందమ్మా" అని మాత్రం చెప్పేవాణ్ణి.

నెల్లూరు దగ్గర ఉన్న ఈ ప్లాంటులో నేను 14 ఏళ్లుగా టైమ్ ఆఫీసు చూస్తున్నాను. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారు, ఎప్పుడు బయటికి వెళ్లారు, ఎన్ని గంటలు ఎక్కువ చేశారు అని రాయడం నా పని. ఉద్యోగుల బాగోగుల గురించి చాలామంది చాలా చెబుతారు. గంటల లెక్క రాసి రాసి నాకు ఒకటి గట్టిగా తెలిసింది. పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే, సాయంత్రం ఎన్నింటికి తిరిగి వస్తానో మనిషికి తెలియాలి. మిగతా సదుపాయాలన్నీ దాని తరవాతే.

ఇది నాకు చిన్నప్పుడే తెలిసి ఉండవలసింది. మా అమ్మ కందుకూరులో పొగాకు గ్రేడింగుకు వెళ్లేది. నేల మీద వరుసగా కూర్చుని, బేరన్లనే వేడి గదుల్లో ఆరబెట్టిన ఆకును రంగును బట్టి వేరు చేసే పని. ఆ దుమ్ముకు రాత్రంతా దగ్గేది. ఆ కంపెనీని నేను మెచ్చుకోవడం లేదు. అమ్మకు జీతం చీటీ గానీ, భవిష్యనిధి గానీ, చివరికి ముఖానికి కట్టుకోవడానికి ఒక గుడ్డ గానీ వాళ్లు ఇవ్వలేదు. అయితే పని ముగిసిందని సాయంత్రం సైరన్ కూత పడేది. వీధిలో ఆడుకుంటున్న మాకు ఆ కూత వినబడగానే అమ్మ బయలుదేరిందని తెలిసేది. అక్క ఆట ఆపి లోపలికి వెళ్లి ఎసరు పెట్టేది. అమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి అన్నం ఉడుకుతూ ఉండేది.

రొయ్యల కంపెనీలో కూత ఉండదు. రైతు చెరువులో పట్టుబడి ఎప్పుడు మొదలవుతుందన్నది ఆనాటి ధరను బట్టి, కౌంటును (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను) బట్టి, ఐసు లారీ అందడాన్ని బట్టి ఉంటుంది. తెల్లవారుజామున వల వేస్తే సరుకు పదికల్లా గేటు దాటుతుంది. బేరం తెగక ఆలస్యమైతే సాయంత్రం నాలుగైనా రాదు. వచ్చాక తల తీయాలి, తొక్క తీయాలి, వీపులోని నల్లటి నరం లాగాలి, కౌంటు వారీగా వేరు చేయాలి, ఆ తరవాత గడ్డ కట్టించి మైనస్ 18 డిగ్రీల గదిలోకి పంపాలి. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చాక సాగు పెరిగింది, దాంతోపాటు ప్లాంట్లూ పెరిగాయి. చెరువు గట్టు నుంచి గేటు దాకా ఉన్న ఆ అనిశ్చితి మాత్రం అలాగే ఉంది. దాని బరువంతా చివరికి హాల్లో నిలబడి పని చేసే ఆడవాళ్ల మీదే పడేది. ఆ రోజు వచ్చిన సరుకు (లాట్) పూర్తయ్యేదాకా బస్సు కదలకూడదన్నది అప్పటి నియమం. తన పని ముగించుకున్న మనిషి కూడా గేటు దగ్గర మెట్ల మీద కూర్చోవలసిందే. చీకటి పడ్డాక ఆ దారుల్లో వేరే బండి దొరకదు మరి.

నా పుస్తకంలో బయటికి వెళ్లిన వేళలు 7.40, 9.15, 8.05, 10.20 అని ఉండేవి. ఏ రోజుకు ఆ రోజే.

యాజమాన్యం ఏమీ చేయలేదని చెబితే అబద్ధమవుతుంది. మార్చి 8న చీరలు పంచేవారు. జూన్ 21న యోగా చేయించేవారు. అప్పట్లో అమలులో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 30 మంది కంటే ఎక్కువ మహిళలు పని చేసేచోట పిల్లల గది ఉండాలి. మా దగ్గర ఆ గదిని బాగానే కట్టారు. ఉయ్యాలలు, బొమ్మలు, గోడల మీద చిలకల బొమ్మలు అన్నీ ఉండేవి. ఒక్క బిడ్డ కూడా వచ్చేది కాదు. మొదట్లో కారణం నాకూ అర్థం కాలేదు. పొద్దున ఏడున్నరకు బిడ్డను చంకనేసుకుని బస్సెక్కి, రాత్రి ఎన్నింటికి తిరిగి వస్తుందో తెలియని తల్లి ఆ బిడ్డను ఎలా తెస్తుంది? రెండో పూటకు పాలెన్ని తేవాలో కూడా ఆమెకు తెలియదు కదా.

నీళ్ల సంగతి కూడా రాయాలి. మరుగుదొడ్డికి వెళ్లాలంటే ఏప్రాన్, గ్లౌజులు, గంబూట్లు విప్పాలి. తిరిగి వచ్చి అన్నీ తొడుక్కుని, క్లోరిన్ నీళ్లలో కాళ్లూ చేతులూ ముంచి లోపలికి వెళ్లాలి. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట ఆ పావుగంట ఎవరు పోగొట్టుకుంటారు? అందుకే పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండేవారు. మూత్రంలో మంట, జ్వరం అని రెండు రోజులు రాకపోతే నా పుస్తకంలో అది "గైర్హాజరు". ఆ మాట రాసినందుకు నేను ఇప్పటికీ బాధపడతాను. ఎప్పుడు ఇంటికి వెళతామో తెలియని పనిలో ఆ నీళ్లు లేని గంటలు ఎనిమిది నుంచి పన్నెండుకు పెరిగేవి. ఇప్పుడు పూటకు రెండుసార్లు వరుసల వారీగా అందరినీ బయటికి పంపుతున్నారు. ఆ సమయానికి కూలి కోత లేదు. వెచ్చటి నీళ్ల తొట్టి కూడా పెట్టారు. ఐసులో నానిన వేళ్లను అందులో ముంచినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

మార్పు ఎలా వచ్చిందంటే, సగం తనిఖీ వల్ల, సగం నా పుస్తకం వల్ల. విదేశీ కొనుగోలుదారుల తరఫున వచ్చినవాళ్లు గంటల పట్టీ అడిగారు. రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు, దాటితే రెట్టింపు వేతనం అన్నది అప్పటి చట్టం. నేను ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను. ఆ వారం నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. తరవాత నేనే కూర్చుని ఇంకో కాగితం తయారు చేశాను. బస్సు తొమ్మిది దాటాక కదిలిన రాత్రులు ఒక పక్క, మర్నాడు రాని మనుషుల సంఖ్య ఇంకో పక్క. ఆలస్యమైన ప్రతి రాత్రి తరవాత కనీసం ఒక బస్సు సగం ఖాళీగా వచ్చింది. రాత్రి ముగించామనుకున్న పని మర్నాడు మనుషులు లేక ఆగిపోతోంది. ఈ కాగితం చూశాక మేనేజరు చాలాసేపు మాట్లాడలేదు.

ఉత్పత్తి విభాగం పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. "రొయ్య ఆగదు. తల నల్లబడితే రేటు పోతుంది" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. ఆ మాటలు జరిగిన గదిలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి మా సూపర్‌వైజరు, యాభై దాటిన మనిషి. "సార్, ఐసు సరిపడా వేసి చల్లగదిలో పెడితే తెల్లవారేదాకా ఆగుతుంది. చెరువు గట్ల మీద పెరిగినవాళ్లం, మాకు తెలియదా? ఐసుకు ఖర్చవుతుందని చెప్పండి, ఒప్పుకుంటాం" అంది.

చివరికి ఐసు ఖర్చుకే ఒప్పుకున్నారు. మధ్యాహ్నం మూడు దాటి వచ్చిన సరుకు చల్లగదికి వెళుతుంది. కొనుగోలు విభాగం ముందురోజు సాయంత్రమే ఎంత సరుకు వస్తుందో చెప్పాలి. తొమ్మిదికి లోపలికి, ఆరుకు బయటికి, మధ్యలో గంట విరామం. చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవడానికి అరగంట. ఆరున్నరకు నాలుగు బస్సులు తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు, కొడవలూరు దారులు పడతాయి. ఉండి పని చేస్తామన్నవాళ్లు మధ్యాహ్నం రెండులోపు పేరు ఇవ్వాలి. వాళ్లకు రెట్టింపు కూలి, రాత్రికి వేరే వ్యాను.

అంతా సాఫీగా సాగలేదు. మొదటి నెలలోనే మూడుసార్లు బస్సును ఆపారు. ఒకామె నా కిటికీ దగ్గరికి వచ్చి, "అన్నా, మీ ఆరున్నర బస్సు నా నెల కిస్తీని తినేసింది" అని కోపంగా అంది. ఓవర్‌టైమ్ మీద ఆధారపడి డ్వాక్రా అప్పు కడుతున్న మనిషి ఆమె. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పగలు చేసిన పనికి వచ్చే కూలితో ఇల్లు గడవకపోతే త్వరగా ఇంటికి పంపడం సగం మేలే. ఈ విషయం నేను పైవాళ్లకూ చెప్పాను. కిలో రేటు కొంత పెంచారు, చాలినంత పెంచలేదు.

రోజుల లెక్క కూడా గంటల లెక్క లాంటిదే. తొక్క తీసే ఒక అమ్మాయికి వేళ్ల సందుల్లో పుండ్లు పడి నెలకు పైగా పనికి రాలేకపోయింది. ఈఎస్ఐ అనే ప్రభుత్వ కార్మిక బీమాకు ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉంటే, దాని కింద జబ్బు కాలానికి వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. ఆమె నిజానికి వంద రోజులకు పైగా పని చేసింది. కాంట్రాక్టు మేస్త్రీ 71 రోజులకే కట్టాడు. ఆ ఏడు రోజుల తేడాకు ఆమెకు దక్కవలసింది దక్కలేదు. అప్పటినుంచి ప్రతి నెలా ఎవరి పేరున ఎన్ని రోజులకు చందా జమ అయిందో అచ్చు తీసి గేటు పక్కన అంటిస్తున్నాను. చదవలేనివాళ్లకు బస్సు ఎక్కేముందు చదివి వినిపిస్తాను.

సెలవులూ ఇప్పుడు ముందే చెబుతున్నాం. మొహర్రానికి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ వస్తే సగం హాలు సెలవు అడుగుతుంది. ఇంతకుముందు ఎవరు ముందు అడిగితే వారికి ఇచ్చేవారు, మిగతావాళ్లకు జ్వరాలు వచ్చేవి. ఇప్పుడు నెల ముందే వంతులు రాస్తున్నాం. నిరుడు ఆరోగ్యం కోరుకుని అక్కడ ఆరోగ్య రొట్టె పట్టుకున్న ఒకామెకు, ఆ కోరిక తీరి ఈసారి రొట్టె వదలడానికి మొదటి రోజే సెలవు రాశాను. మొక్కు తీర్చడానికి వెళ్లే మనిషి అబద్ధం చెప్పి వెళ్లవలసిన అవసరం ఉండకూడదు.

2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచడానికి ఆమోదం తెలిపింది. నేను నా లెక్క వేసుకున్నాను. పది గంటల పని, గంట విరామం, బట్టలు మార్చుకునే అరగంట, పోను రాను బస్సు. పొద్దున ఏడున్నరకు ఊరు వదిలిన మనిషి రాత్రి తొమ్మిదిన్నరకు గుమ్మం తొక్కుతుంది. మా దగ్గర ఇంకా ఆరున్నరే నడుస్తోంది. ఎవరైనా మార్చమంటే నా పాత కాగితం సొరుగులోనే ఉంది.

ఇంతలో ఇంకో వైపు నుంచి దెబ్బ తగిలింది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మా రొయ్యలో ఎక్కువ భాగం అక్కడికే వెళుతుంది. ఆర్డర్లు తగ్గాయి. కొన్ని రోజులు రెండు బస్సులే నడిచాయి. మొదట ఆగిపోయింది కాంట్రాక్టు ఆడవాళ్లే. అప్పుడు యాజమాన్యాన్ని నేను ఒక్కటే అడిగాను. పని లేకపోతే లేదని ముందురోజే చెప్పండి, తయారై రోడ్డు మీద నిలబడ్డాక చెప్పకండి. పిలిచి తిప్పి పంపిన రోజుకు సగం కూలి కూడా అడిగాను. అది ఇంకా తేలలేదు. సమాచారం మాత్రం ఇప్పుడు సాయంత్రం నాలుగుకల్లా నాకు అందుతోంది. నాలుగున్నరకు వాట్సాప్‌లో పెడతాను.

విడవలూరు వైపు పెద్దామెకు మామూలు ఫోనే ఉంది. ఆమెకు నేనే చేస్తాను. నిన్న కూడా చేశాను. రేపు బండి వస్తుందమ్మా, ఆరున్నరకే తిరుగుతుంది అని చెప్పాను.

"అయితే ఏడింటికి ఎసరు పెడతాలే నాయనా" అంది.