విమానం మెకానిక్ కోర్సు కట్టమంటవా అన్నా?

మా ఊరు జడ్చర్లకు దగ్గర. ఊరి నుంచి ఫోన్ వస్తే ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. "అన్నా, మావోడు ఎంపీసీ పాసైండు. విమానం మెకానిక్ కోర్సంట. ఫీజు కడితే దుబాయ్‌ల ఉద్యోగం పక్కా అంటున్నరు. కట్టమంటవా?" నేను షార్జాలో ఈ పనే చేస్తాను కాబట్టి నన్ను అడగడం న్యాయమే. ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

మరమ్మతు అయ్యాక ఈ విమానం ఎగరవచ్చు అని సంతకం పెట్టే అధికారం లైసెన్సు ఉన్న ఇంజనీర్‌కే ఉంటుంది. మన దేశంలో ఆ లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ, అంటే పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ. ఇంజన్, బాడీ వైపు వెళ్లేవాళ్లకు బీ1, ఎలక్ట్రానిక్స్ వైపు బీ2. సిలబస్‌లో ఒక్కో భాగాన్ని మాడ్యూల్ అంటారు. మాడ్యూల్ మాడ్యూల్‌కూ పరీక్ష, ప్రతిదాంట్లో 75 శాతం రావాలి. అన్నీ పాసైనా లైసెన్సు చేతికి రాదు. ఆమోదం ఉన్న కోర్సు చేసినవాళ్లు కూడా నడుస్తున్న విమానాల మీద 2 ఏళ్ల అనుభవం లాగ్‌బుక్‌లో చూపించాలి. ఆ తర్వాత ఏ320 అయితే ఏ320, 737 అయితే 737, ఒక్కో రకానికి విడిగా టైప్ శిక్షణ. ఇంత చేసి యూఏఈకి వచ్చాక ఇక్కడి విమానయాన సంస్థ జీసీఏఏ ఇచ్చే లైసెన్సు మళ్లీ తెచ్చుకోవాలి. అప్పటిదాకా చక్రం మార్చేది మనం, సంతకం పెట్టేది ఇంకొకరు. జీతంలో ఆ తేడా బాగా కనిపిస్తుంది.

కోర్సు అమ్మేవాళ్లు ఈ దారంతా చెప్పరు. మా తాతల కాలంలో గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి, కుటుంబాలకు కుటుంబాలను మట్టి పనికి బొంబాయి తీసుకుపోయేవాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసింది అలాగే. అప్పుడు మేస్త్రీ డబ్బులిచ్చి తీసుకుపోయాడు. ఇప్పుడు ఏజెంటు పొలం అమ్మించి మరీ డబ్బులు తీసుకుంటున్నాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పని మాత్రం గొప్పది. వేసవిలో ఆప్రాన్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, కాంక్రీటు సెగ బూట్ల లోపలికి వస్తుంది, విమానం తిరిగి బయల్దేరే టైమ్ దగ్గరపడుతుంటే టెన్షన్ ఉంటుంది. అయినా చక్రం నట్టు బిగించేటప్పుడు తొందర కుదరదు. చక్రాన్ని తిప్పుతూ ఒకసారి టార్క్ ఇచ్చి, అంటే కొలిచి బిగించి, వదులు చేసి, మాన్యువల్ చెప్పిన కొలతకు మళ్లీ బిగించాలి. షిఫ్ట్ అయిపోయాక ప్రతి స్పానర్ దాని చోటుకు చేరాలి. ఒక్కటి కనబడకపోయినా దాని సంగతి తేలేదాకా విమానాన్ని వదలరు.

ఎందుకింత పట్టింపో మాకు మనుషుల పొరపాట్ల గురించి చెప్పే హ్యూమన్ ఫ్యాక్టర్స్ క్లాసులో ఒక ఘటనతో అర్థమైంది. 1990 జూన్‌లో బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరిన ఒక బీఏసీ 1-11 విమానానికి గాల్లో కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది. కెప్టెన్ సగం బయటికి వెళ్లిపోతే సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు. కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు, కెప్టెన్ బతికాడు. అంతకుముందు ఒక నైట్ షిఫ్టులో ఆ అద్దం మార్చినప్పుడు పార్ట్స్ క్యాటలాగ్ చూడకుండా, పాత బోల్టును కంటితో పోల్చి కొత్తవి వేశారు. 90 బోల్టుల్లో 84 సన్నవి. తేడా 0.026 అంగుళం, అంటే ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు. ఆ కొలత నేను ఇప్పటికీ మరిచిపోలేదు. స్టోర్‌లో పార్ట్ తీసుకున్న ప్రతిసారీ నంబర్ చదివే తీసుకుంటాను.

తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషుకు భయపడతారు. ఆ భయం అంత అవసరం లేదు. విమానాల మాన్యువల్స్ రాయడానికే ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అని ఒక ప్రమాణం ఉంది. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు, మాటలు కూడా నిర్ణయించిన జాబితాలోవే వాడాలి. మహబూబ్‌నగర్‌లో ఇంటర్ చదివిన పిల్లవాడు ఓపిక పడితే అది వచ్చేస్తుంది. ఫిజిక్స్, లెక్కలు మాత్రం గట్టిగా ఉండాలి.

కాబట్టి ఫీజు కట్టేముందు కాలేజీ వాళ్లను అడగండి. డీజీసీఏ సీఏఆర్-147 (శిక్షణ కాలేజీలకు ఇచ్చే) ఆమోదం ఈ బ్రాంచికే ఉందా, బీ1కా బీ2కా? ఆ జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, సరిచూసుకోండి. ప్రాక్టికల్ ఎక్కడ, నడుస్తున్న విమానాల మీదేనా? ఆ 2 ఏళ్ల అనుభవం ఎక్కడ దొరుకుతుంది? శంషాబాద్‌లోనే విమానాలు బాగుచేసే హ్యాంగర్లు ఉన్నాయి, మనకు గంట దూరం. మీ దగ్గర చదివి అక్కడ చేరినవాళ్లు ఉంటే ఒకరితో మాట్లాడించమనండి.

మొన్న నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది, బీ2 చేస్తానంది. ఇవే అడిగి రమ్మన్నాను. మొదటి ప్రశ్నకే వాళ్లు కాగితం చూపించలేదట. ఇప్పుడు ఆమోదం ఉన్న ఇంకో కాలేజీ చూసుకుంటోంది, ఈలోపు మాడ్యూల్ 3 ఎలక్ట్రికల్ పుస్తకం మొదలుపెట్టింది. సందేహాలు వాట్సాప్‌లో పంపుతోంది, నైట్ షిఫ్ట్ దిగాక ఒక్కొక్కటీ చెబుతున్నాను.